‘ఈ పాపకి లెక్కలు రావు’: 5వ తరగతి నుంచి ఒక కేస్ స్టడీ

ఆ పాపకి పదేళ్లు. పేరు రాయడం లేదు, పాప అనే అంటాను. తను నా క్లాసుకి రాకముందే తన గురించి ఒక మాట నా దగ్గరికి వచ్చేసింది. కింది తరగతికి చెప్పిన తోటి టీచర్ సంవత్సరం మొదట్లో రిజిస్టర్ అప్పగిస్తూ, మంచి మనసుతోనే, "ఈ పాపకి లెక్కలు రావండి, చదవడం మాత్రం చక్కగా చదువుతుంది" అన్నారు. నేను తలూపాను. రిజిస్టర్‌తో పాటు ఆ మాటనీ తీసుకున్నాను.

తర్వాత మూడు నెలలూ నాకు కనిపించింది కూడా అదే. బోర్డు మీద లెక్క చేస్తుంటే పాప నోట్సులో శుభ్రంగా ఎక్కించుకునేది. హోంవర్క్ తప్పకుండా తెచ్చేది. ప్రశ్న అడిగితే మాత్రం లేచి నిలబడి, నేల చూపులు చూస్తూ, నేను "సరే, కూర్చో" అనేదాకా కదలకుండా ఉండేది. నేను గట్టిగా అరిచే మనిషిని కాను. పిల్లల్ని మొద్దు అని, మట్టిబుర్ర అని ఒక్కరోజూ అనలేదు. కాబట్టి నా మాట వల్ల ఏ పిల్లకైనా నష్టం జరుగుతుందేమోనన్న ఆలోచనే నాకు రాలేదు. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం అదే. తిట్లు చెడ్డవని అందరికీ తెలుసు. తిట్టకుండా, ప్రేమగానే, రోజంతా మాట్లాడే మామూలు మాటలు ఏం చేస్తాయో నాకు నా గొంతు నేను విన్నాకే తెలిసింది.

రికార్డులో విన్నది

భిన్నాల పాఠం మొదలుపెట్టినప్పుడు హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకుని ఒక పీరియడ్ మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాను. పాఠం మరీ స్పీడుగా చెప్పేస్తున్నానేమో చూసుకోవాలని తప్ప అప్పటికి వేరే ఉద్దేశం లేదు. 40 నిమిషాల రికార్డు వినడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ప్రతి రెండు నిమిషాలకీ ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినాల్సి వచ్చింది.

మొదట చెవిన పడింది "అర్థమైందా?" ఆ పీరియడ్‌లో 23 సార్లు అడిగాను. 23 సార్లూ క్లాసంతా ఒకే రాగంలో "అర్థమైంది టీచర్" అంది. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు చెప్పే వీలు పిల్లలకి ఎక్కడుంది? "కాలేదు" అనాలంటే అందరి ముందూ తనొక్కతే వెనకబడ్డానని ఒప్పుకోవాలి. పెద్దవాళ్లం మనమే మీటింగుల్లో ఆ పని చేయలేం.

రెండోది, మనలో చాలామందికి మన టీచర్ల దగ్గర నుంచి వచ్చిన అలవాటు: మాటని సగంలో ఆపి పిల్లల చేత పూర్తి చేయించడం. "పైన ఉండేది ల..." అని నేను సాగదీస్తాను. "వం!" అని అరుస్తారు. "కింద ఉండేది హా..." అంటాను. "రం!" అంటారు. బయటి నుంచి వింటే క్లాసు ఎంత హుషారుగా ఉందో అనిపిస్తుంది. కానీ "ల" తర్వాత "వం" అనడానికి భిన్నం అంటే ఏమిటో తెలియక్కర్లేదు. పాప గొంతు కూడా ఆ కోరస్‌లో ఉండే ఉంటుంది. అందుకే మూడు నెలలు నాకు తేడా తెలియలేదు.

దానికి తోడు "కదా". "హారం పెరిగితే భాగం చిన్నదవుతుంది కదా?" అన్నాను ఒకచోట. జవాబు నేనే చెప్పేసి, పిల్లల చేత ఔననిపించుకున్నాను. అలాంటివన్నీ తీసేసి లెక్క పెడితే, పిల్లలు నిజంగా ఆలోచించి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఆ పీరియడ్‌లో నాలుగే మిగిలాయి.

టీచర్ అడగడం, పిల్లలు చెప్పడం, టీచర్ అది ఒప్పో తప్పో తేల్చడం, మళ్లీ ఇంకొకటి అడగడం: క్లాసులో మాటలు ఈ మూడు అడుగుల్లోనే తిరుగుతుంటాయని హ్యూ మెహాన్ అనే పరిశోధకుడు 1979లోనే రాశారు. ట్రైనింగ్‌లో ఇది చదివి పరీక్ష కూడా రాశాను. నా గొంతులో విన్నాకే మూడో అడుగు ఎంత బరువైనదో తెలిసింది. "వెరీ గుడ్" అన్నా, "కాదు" అన్నా అక్కడితో ఆ ఆలోచన అయిపోయినట్టే. మిగిలిన పిల్లలకి ఇక ఆలోచించే పని ఉండదు.

పాప వంతు

పాపని అడిగింది పాఠం సగంలో. బోర్డు మీద 1/3, 1/5 రాసి ఏది పెద్దదని అడిగాను. రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నువ్వు చెప్పమ్మా. ఇది చాలా ఈజీ."

కాసేపు ఏమీ లేదు.

"చెప్పు చెప్పు, నిన్ననే చేశాం కదా."

"టీచర్... ముక్కలు ఎక్కువ చేస్తే..."

"ముక్కలు కాదమ్మా. లవం, హారం అని చెప్పాలి. సరే, హారాల్లో ఏది పెద్దది?"

"ఐదు."

"మరి?"

"ఐదు... వన్ బై ఫైవ్ పెద్దది."

"చూశావా, మళ్లీ అదే తప్పు. సరే, కూర్చో. ఎవరు చెప్తారు?"

ఈ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "ముక్కలు ఎక్కువ చేస్తే..." అని తను మొదలుపెట్టిన వాక్యం పూర్తయితే "ఒక్కో ముక్క చిన్నదవుతుంది" అని ముగిసేది. ఆ రోజు పాఠంలో అసలు విషయం అదే. క్లాసులో దాన్ని సొంత మాటల్లో చెప్పబోయింది తనొక్కతే. నేను దాన్ని పుస్తకం మాట కోసం మధ్యలో తుంచేశాను. ఆపైన "హారాల్లో ఏది పెద్దది?" అని అడిగి తనని ఐదు వైపు నడిపించిందీ నేనే, అటు నడిచినందుకు "మళ్లీ అదే తప్పు" అన్నదీ నేనే.

"ఇది చాలా ఈజీ" అన్న మాట ధైర్యం చెప్పడానికే వాడతాం. పిల్లల వైపు నుంచి చూస్తే అది రెండు విధాలా దెబ్బే. చెప్పగలిగితే ఈజీ లెక్కే చేసింది, గొప్పేం లేదు. చెప్పలేకపోతే ఈజీ లెక్క కూడా రానిదైపోయింది.

నిశ్శబ్దాన్ని స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. నా ప్రశ్నకీ, నా "చెప్పు చెప్పు"కీ మధ్య సెకను పైచిలుకు. అదే పీరియడ్‌లో ముందు బెంచీ అబ్బాయిని అడిగినప్పుడు నాలుగు సెకన్లు ఆగి, "ఆలోచించుకో నాన్నా" అని కూడా అన్నాను. వాడికి వస్తుందని నాకు నమ్మకం, అందుకే ఆగాను. పాపకి రాదని నమ్మకం, నిలబెట్టి బాధపెట్టడం ఎందుకని తొందరగా కూర్చోబెట్టాను. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970లలో ఎన్నో క్లాసుల టేపులు విని ఇదే చూశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకను. బాగా వస్తుందనుకున్న పిల్లలకి ఇచ్చే సమయం కన్నా రాదనుకున్న పిల్లలకి ఇచ్చే సమయం తక్కువ. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న క్లాసుల్లో జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా మాట్లాడటం పెరిగింది. పిల్లలు చెప్పి ఆపిన తర్వాత కూడా టీచర్ మరో మూడు సెకన్లు ఆగాలని ఆవిడ చెప్పారు. నేను అసలు చేయనిది ఆ రెండోది. పాప "చేస్తే..." దగ్గర ఊపిరి తీసుకుంది, అంతే. ఆ సందులో నేను దూరిపోయాను.

రాదు, ఇంకా రాలేదు

ఆ రికార్డులో లేనిది ఒకటి చెప్పాలి. అంతకు నెల ముందు తల్లిదండ్రుల మీటింగ్‌లో పాప వాళ్ల అమ్మగారితో, "చదువు బాగానే ఉందండి, లెక్కలే రావు" అన్నాను. ఆవిడ నవ్వుతూ, "మా ఇంట్లో ఎవరికీ రావండి, నాకూ అంతే" అన్నారు. పాప వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. తను అక్కడ లేనట్టే ఇద్దరం తన గురించి మాట్లాడుకున్నాం. ఒక నిమిషంలో అది తన రక్తంలోనే ఉందని తేల్చేశాం.

తెలుగులో "రాదు" అనే మాటకి కాలం లేదు. నిన్నా రాదు, ఇవాళా రాదు, రేపూ రాదు. "రాలేదు"కి కాలం ఉంది, ఇప్పటిదాకా అనే అర్థం ఉంది. బస్టాప్‌లో ఎవరైనా "బస్సు రాదు" అంటే వెనక్కి వెళ్లిపోతాం. "ఇంకా రాలేదు" అంటే నిలబడతాం. లెక్కల విషయంలో మాత్రం పిల్లలతో, పిల్లల గురించి, పిల్లల ముందు అలవాటుగా మొదటి మాటే వాడేస్తాం. నేను వాడాను. మళ్లీ పాప ఎందుకు ప్రయత్నం చేయడం లేదా అని బాధపడ్డాను.

దీనికి మరో కొస ముందు బెంచీ అబ్బాయి దగ్గర ఉంది. వాడికి నా నుంచి రోజూ అందేది "వెరీ గుడ్, నీది కంప్యూటర్ బ్రెయిన్ రా". వాడి నోట్సు దగ్గరగా చూస్తే, తప్పు పోయిన చోటల్లా కాగితం చిరిగేదాకా చెరిపేసి ఉంది. కొత్త రకం లెక్క ఇస్తే ఎడమ చేతిని అడ్డం పెట్టుకుని రాస్తాడు. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో 5వ తరగతి పిల్లల మీద చేసిన పరిశోధనలో తెలివిని మెచ్చుకున్న పిల్లలు, ఒకసారి కష్టమైన పజిల్స్‌లో దెబ్బతిన్నాక తర్వాతి వాటిలో తక్కువ చేశారు. కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలు నిలబడ్డారు. తమ మార్కులు చెప్పమంటే ఎక్కువ చేసి చెప్పినవాళ్లు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ. అంటే నా మెచ్చుకోలు ఆ అబ్బాయికి తప్పులు దాచుకోవడం నేర్పుతుంటే, నా జాలి పాపకి నోరు మూసుకోవడం నేర్పుతోంది.

ఏం మార్చాను

ముందు మూడు సెకన్లు. వినడానికి ఏమీ అనిపించదు, చేసి చూడండి. చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టేదాన్ని. మొదటి వారం ఆ నిశ్శబ్దాన్ని పిల్లలే తట్టుకోలేకపోయారు, పక్కవాళ్లు జవాబు అరిచేసేవారు. చివరికి "ఇప్పుడు ఎవరూ చెప్పొద్దు, అందరం ఆలోచించుకునే టైమ్" అని ముందే చెప్పడం మొదలుపెట్టాక కుదిరింది. చేతులెత్తడం కూడా ఆపించాను. టపటపా నాలుగు చేతులు లేస్తే, మిగిలినవాళ్లు ఆలోచించడం అక్కడితో ఆపేస్తారు.

"అర్థమైందా?" బదులు "ఇప్పుడు మనం ఏం చేశామో పక్కన ఉన్నవాళ్లకి నీ మాటల్లో చెప్పు" అనేదాన్ని. తర్వాత బెంచీల మధ్య తిరుగుతూ వినేదాన్ని. అర్థం కానిది ఎక్కడో ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. ఇంకో ప్రశ్న, "ఎక్కడ ఆగావు?" ఇందులో ఆగడం మామూలే అన్న అర్థం ఉంది. అందుకే దీనికి జవాబు వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది భిన్నాలని చదివే పద్ధతి మార్చడం. మేం అలవాటుగా "వన్ బై ఫైవ్" అంటాం. అందులో వినిపించేవి ఒకటి, ఐదు అనే రెండు అంకెలే, వాటి మధ్య సంబంధం వినిపించదు. ఐదు పెద్ద అంకె కాబట్టి అదే పెద్దదని పిల్లలు అనుకోవడంలో వింత లేదు. కొరియన్ భాషలో భిన్నం పేరులోనే "ఇన్ని భాగాల్లో ఇన్ని" అనే అర్థం ఉంటుంది. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో, బడిలో భిన్నాలు ఇంకా నేర్వని కొరియన్ పిల్లలు బొమ్మకి సరైన భిన్నాన్ని గుర్తించడంలో అమెరికా, క్రొయేషియా పిల్లల కన్నా ముందున్నారు. తర్వాత 2003లో అమెరికా పిల్లలకే ఇంగ్లిష్‌లో ఆ పద్ధతిలో పేర్లు చెప్పి చూస్తే వాళ్లూ మెరుగ్గా చేశారు. అది చదివినప్పుడు నాకు తట్టింది, మన "ఐదింట ఒకటి" కూడా అచ్చం అలాంటిదే. ముందు ఐదు భాగాలు కళ్ల ముందుకి వస్తాయి, తర్వాత అందులో ఒకటి. చేతిలో ఉన్న ఇంత మంచి మాటని పక్కన పెట్టి మేం వన్ బై ఫైవ్ అంటున్నాం. రెండు వారాలు "ఐదు సమాన భాగాల్లో ఒకటి, ఐదింట ఒకటి" అని మాత్రమే చదివాం. లవం, హారం అనే మాటలు మానలేదు, వాటి చోటు మార్చాను. పిల్లలు "కిందిది" అంటే ముందు ఆ వాక్యం పూర్తయ్యేదాకా విని, ఆ తర్వాత "నువ్వు కిందిది అన్నావే, దాన్నే హారం అంటారు" అని చెప్పడం. పరీక్షలో ఆ మాటలు కావాలి, నాకు తెలుసు. కానీ ఆలోచన వచ్చాకే దానికి పేరు అతుకుతుంది.

"ఇది ఎలా వచ్చింది? చెప్పు" అనే ప్రశ్నలో నేనొక పొరపాటు చేశాను. మొదట్లో తప్పు జవాబులకే అలా అడిగాను. నాలుగు రోజుల్లో పిల్లలు పసిగట్టేశారు, "ఎలా?" అనగానే రబ్బర్ తీసి చెరిపేయడం మొదలైంది. ఒప్పు జవాబులకి కూడా అడగడం మొదలుపెట్టాకే ఆ ప్రశ్న మామూలు ప్రశ్న అయింది.

ఏం జరిగింది

రెండు వారాలు ఏమీ జరగలేదు. పాప నిలబడేది, నేను ఆగేదాన్ని, తను నేల చూసేది. ఒక్కోసారి ఇది కూడా ఒక రకం హింసేనేమో అని భయం వేసింది. అందుకని తనని నిలబెట్టడం మానేసి, జంటగా మాట్లాడుకునే సమయంలో తన బెంచీ దగ్గరే ఎక్కువసేపు ఆగేదాన్ని. పక్క పిల్లతో తను బాగానే మాట్లాడుతోంది, మెల్లగా.

ఐదో వారంలో 2/3, 4/5 ఇచ్చాను, ఏది పెద్దది, ఎలా తెలుసు? నేను నేర్పిన దారి హారాలు సమానం చేయడం. పాప నోట్సులో ఆ లెక్క లేదు. రెండు పొడుగాటి పట్టీలు గీసి, చివరి ముక్కలకి మాత్రం పెన్సిల్‌తో షేడ్ వేసింది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎలా చేశావని అడిగి, ఆగాను.

"మిగిలింది చూశాను టీచర్. దీంట్లో మూడో వంతు మిగిలింది. దీంట్లో ఐదో వంతు మిగిలింది." ఆగింది. నేనూ ఆగాను. "ఐదో వంతు చిన్నది. తక్కువ మిగిలింది కాబట్టి ఇదే పెద్దది."

వెరీ గుడ్ నాలుక చివరిదాకా వచ్చింది. బిగబట్టుకుని, మిగిలింది చూడాలని ఎలా తట్టిందని అడిగాను.

"ముక్కలు ఎక్కువైతే చిన్నవి అవుతాయి కదా టీచర్. మీరు ఆ రోజు అడిగినప్పుడు చెప్దామనుకున్నా."

ఆ రోజు అంటే రికార్డు చేసిన రోజు. సగంలో తెగిన వాక్యాన్ని తను ఇన్ని వారాలు దాచి ఉంచుకుంది. ఆ పద్ధతిని బోర్డు మీద తన చేతే గీయించాను. ముందు బెంచీ అబ్బాయి "అన్నిటికీ పనిచేస్తుందా?" అని అడిగాడు. 2/5, 3/7 మీద క్లాసంతా ప్రయత్నించి, మిగిలిన భాగాలు కూడా ఒక్కొక్కటి కానప్పుడు ఈ దారి అంత సులువు కాదని తేల్చుకున్నారు. పాప కూడా తేల్చింది. అది తప్పు చేసినట్టు తనకి అనిపించలేదు, ముఖం చూస్తే తెలుస్తోంది.

ఆ అబ్బాయి సంగతి వేరేలా నడిచింది. ఒకరోజు బెల్లు అయ్యాక వచ్చి, "నాకిప్పుడు గుడ్ చెప్పడం లేదేంటి టీచర్?" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. ముందు చెప్పకుండా మెచ్చుకోలు లాగేసుకోవడం నా తప్పు. వాడితో కూర్చుని, "నీ జవాబు నాకు ముందే తెలుసు రా, నువ్వు ఎలా ఆలోచించావో నాకు తెలీదు, అది చెప్పు" అన్నాను. వాడి చెరుపుడు తగ్గడానికి పాప కన్నా ఎక్కువ కాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మాట మారిస్తే అన్నీ మారతాయని నేను అనడం లేదు. తెలివి పెంచుకోవచ్చని పిల్లలకి నేర్పే కార్యక్రమాల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో సగటు ఫలితం చిన్నదేనని తేలింది. మా క్లాసులో కూడా పాప మార్కులు ఒక్కసారిగా ఎగబాకలేదు. తనకి 7, 8 ఎక్కాలు గట్టిగా రాలేదు, దాంతో హారాలు సమానం చేసే ప్రతి లెక్కా నెమ్మదిగా సాగుతుంది. దానికి మందు సాధన ఒక్కటే. కొంతమంది పిల్లలకి కంటి చూపో, వినికిడో, డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు అర్థం చేసుకోవడమే కష్టమయ్యే సమస్య) లాంటి ఇబ్బందో ఉండొచ్చు, వాళ్లని నిపుణులకి చూపించాలి. తియ్యటి మాటలతో ఆ పని ఆలస్యం చేయడం అన్యాయం.

రెండు నెలలకి మళ్లీ రికార్డు చేశాను. "అర్థమైందా" 9 సార్లు వచ్చింది. అందులో 7 చివరి పది నిమిషాల్లోవే. పోర్షన్ అవ్వదేమోనన్న టెన్షన్ మొదలవగానే పాత మాటలు వరసగా వచ్చేస్తున్నాయి, "కదా"లూ అంతే. అది విన్నాక మాటల మీద కాదు, పీరియడ్ ప్లాన్ మీద పనిచేశాను. ఎనిమిది లెక్కలు చేసే చోట నాలుగే పెట్టుకున్నాను. తొందర తగ్గితే నోరు దానంతటదే తగ్గింది.

సంవత్సరం చివర రిజిస్టర్ అప్పగించాల్సి వచ్చింది. పాప పేరు ఎదురుగా ఒక చీటీ రాసి పెట్టాను. "భిన్నాలు పోల్చడం వచ్చింది, సొంత పద్ధతిలో చెప్తుంది, చివరిదాకా వినాలి. హారాలు వేరైన భిన్నాల తీసివేత ఇంకా రాలేదు. 7, 8 ఎక్కాలు ఇంకా రాలేదు. ప్రశ్న అడిగాక కాసేపు ఆగాలి." మళ్లీ ఒకసారి చదువుకుని, "కాసేపు" కొట్టేసి "3 సెకన్లు" అని రాశాను.